రేడియోలో చదవని పేరు

“నాకు సరిగ్గా వినపడలేదో ఏమో,” అంది టీచరు గారు, చేతిలో రొట్టె ముక్క అలాగే పట్టుకుని. “ఆన్సెల్మా పేరు చదివారా?”

ఆన్సెల్మాతో కలిపి ఆ వంటింట్లో నలుగురున్నారు. పొయ్యి మీద కోకో టీ పొంగి పొర్లింది. దాన్ని దించాల్సిన థియోడోరా దించలేదు. రేడియోలో అప్పటికే మరొకరి చావు కబురు మొదలైంది. దక్షిణాన ఏదో ఊళ్లో ముసలమ్మ పోయిందట, పదకొండు మంది పిల్లలట. అందరి పేర్లూ వరసగా చదువుతున్నారు.

కత్బర్ట్ లేచి రేడియో కట్టేశాడు.

“అందరి పేర్లూ చదివారు, టీచరు గారూ. మీరు తినండి.”

చదివినవి ఆన్సెల్మాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. లోదా గ్రామవాసి, డెబ్బై ఒక్కేళ్ల ఇగ్నేషియస్ ఫాబియెన్, అందరూ లాఫిమే అని పిలిచే మనిషి, ఆదివారం నాడు కన్నుమూశారు. శోకిస్తున్నవారు: భార్య థియోడోరా. కొడుకు కత్బర్ట్. కోడలు, ఇద్దరు మనవరాళ్లు. విదేశంలో ఉన్న చెల్లెలు. మేనల్లుళ్లు ఏడుగురు. చర్చిలో పాటలు పాడే బృందం. లోదా ఊరి గైడ్లందరూ. అన్నిటికన్నా చివర, “మరిగే సరస్సు చూడవచ్చిన నానా దేశాల అతిథులు.”

అతిథులకు కూడా చోటు దొరికింది. ఆ అతిథుల సంచులు పన్నెండేళ్లు మోసి, కాలు బెణికినవాళ్లను వీపున వేసుకుని దించి, వాళ్ల వాంతులు కడిగిన ఆన్సెల్మాకు దొరకలేదు.

లాఫిమే అంటే ఈ దీవి భాషలో పొగ. మరిగే సరస్సు దారిలో గైడుగా నలభై ఏళ్లు గంధకపు ఆవిర్లలో తిరిగిన మనిషికి ఆ వాసన ఒంటికి పట్టేసి, పేరు కూడా అదే అయి కూర్చుంది.

“జాబితా ఎవరు రాశారు?” అంది ఆన్సెల్మా.

“ఎవరు రాస్తే నీకెందుకు?” అన్నాడు కత్బర్ట్.

“నిన్ను అడగలేదు. మదామ్‌ని అడుగుతున్నాను.”

థియోడోరా అటు తిరిగి నిలబడి ఉంది. నల్ల బట్టలు కట్టుకుని నేటికి మూడో రోజు. ఆమె గిన్నె వంక చూస్తోంది గాని దాన్ని ముట్టుకోవడం లేదు.

“మా అమ్మను నిలదీయడానికి నువ్వెవరు?” కత్బర్ట్ గొంతు పెంచాడు. “సంచులు మోసే మనిషి పేరు చావు కబురులో చదువుతారా ఎక్కడైనా? అలా మొదలుపెడితే బస్సు డ్రైవరు పేరూ చదవాలి, గాడిద పేరూ చదవాలి.”

“నువ్వు మోయలేకపోయావు కాబట్టే కదా నేను మోశాను.”

“చూడు, మాట జాగ్రత్త!”

“నేను జాగ్రత్తగానే మాట్లాడుతున్నాను. జాగ్రత్త లేని మాటలు చాలా ఉన్నాయి నా దగ్గర. తియ్యమంటావా?”

టీచరు గారు రొట్టె పళ్లెంలో పెట్టేసింది. ఆమె పేరు మిస్ యార్‌వుడ్. బార్బడోస్‌లో బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. ఏటా ఇదే నెలలో విమానం దిగి, ఇదే ఇంట్లో వెనక గదిలో దిగి, లాఫిమేతో కలిసి సరస్సు దాకా నడిచి వెళ్తుంది. ఇది పన్నెండోసారి. సోమవారం సాయంత్రం చేతిసంచీ ఊపుకుంటూ వచ్చి గుమ్మంలో నల్ల గుడ్డ చూసి ఆగిపోయింది. చావింటికి చుట్టపుచూపుగా వచ్చినట్టయిందని అప్పటి నుంచీ మొహమాటపడుతూనే ఉంది. ఇప్పుడు నోరు తెరిచింది మాత్రం ఏ మొహమాటమూ లేకుండా.

“నాకు అర్థం కావడం లేదు, బాబూ. సరస్సు గట్టు మీద ఈ అమ్మాయిని నిలబెట్టి నాకు చూపించాడు కదా ఇగ్నేషియస్. ‘ఇది నా కూతురు’ అన్నాడు. ప్రతి ఏడూ అన్నాడు. కిందటేడు చెప్పిన సంగతి మరిచిపోయాడు కాబోలు అనుకుని నేనూ ప్రతి ఏడూ ‘అలాగా’ అనేదాన్ని.”



ఊళ్లో అందరికీ తెలిసినదే. కానీ ముప్పై నాలుగేళ్లుగా ఈ ఇంటి గోడల మధ్య ఎవరూ అనని మాట. బార్బడోస్ నుంచి విమానమెక్కి వచ్చిన పెద్దావిడ రొట్టె తింటూ తింటూ అనేసింది.

కొండ మీద ఆయన అనేవాడు, నిజమే. ఊరి చివరి ఇంటి రేకు కప్పు చెట్ల వెనక మాయమయ్యేదాకా ఆయన ఆన్సెల్మాను “ఏమ్మా, అమ్మాయ్” అని కూడా పిలిచేవాడు కాదు. మాయమయ్యాక గొంతే మారిపోయేది. జర్మన్లకు చెప్పాడు, కెనడా వాళ్లకు చెప్పాడు, ఫోటోలు తీసుకునే ప్రతివాళ్లకూ చెప్పాడు, ఇది నా కూతురు, నాకంటే బాగా ఎక్కుతుంది అని. వాళ్లు మర్నాడు ఓడెక్కి వెళ్లిపోయే మనుషులు. కిందికి వచ్చేసరికి ఆన్సెల్మా మళ్లీ సాయం చేసే పిల్ల. ఆ ఒక్క మాట వినడానికే పన్నెండేళ్లు ఆ కొండ ఎక్కాననే సంగతి ఆమెకు తెలుసు. ఒప్పుకోవడానికి సిగ్గుపడేది. ఇవాళ సిగ్గు కూడా పోయింది.

థియోడోరా ఎట్టకేలకు గిన్నె దించింది.

“టీచరు గారూ, కోకో చల్లారిపోతుంది,” అంది.

“మధ్యాహ్నం మళ్లీ చదువుతారు,” అంది ఆన్సెల్మా. “అప్పటికి అందులో నా పేరుండాలి. నేను రోజో పట్నంలో రేడియో స్టేషనుకు వెళ్తున్నాను.”

“స్టేషనుకు వెళ్లకు,” అంది థియోడోరా.

“ఎందుకు వెళ్లకూడదు?”

“వెళ్లకన్నాను.”

“కారణం చెప్పండి, ఆగిపోతాను.”

థియోడోరా గరిటె తీసుకుని కోకో కలపసాగింది. దించిన గిన్నెలో అంతసేపు కలపడానికి ఏమీ లేదు.

“చెప్పేదేముంది?” కత్బర్ట్ అందుకున్నాడు. “ఆ జాబితా మా ఇంటి కాగితం. నీ దగ్గరేముంది కాగితం? నీ జనన పత్రంలో తండ్రి పేరు ఖాళీ.”

“ఖాళీగా వదిలింది మీ నాన్న. నేను కాదు.”

కత్బర్ట్ టీచరు గారి వైపు తిరిగాడు. “మీరు లేవండి, టీచరు గారూ. ఇంత దూరం వచ్చారు, సరస్సు చూడకుండా వెళ్తారా? నేను తీసుకెళ్తాను.”

ఆన్సెల్మాకు అంత బాధలోనూ నవ్వొచ్చింది.

“సరస్సు దారిలో ఫలహారపు ఏరు దాటి అవతల నువ్వు అడుగు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. పాడులోయలో నిన్న గట్టిగా ఉన్న నేల ఇవాళ మోకాలి దాకా మరిగే బురదలోకి దిగిపోతుంది. నాలుగు రోజుల వానకు దారి ఎటు జరిగిందో కర్ర గుచ్చి చూస్తే గాని నాకే తెలియదు. ఈవిణ్ని తీసుకెళ్లి ఉడకబెట్టి తెస్తావా?”

టీచరు గారు లేచి, పళ్లెం తొట్టెలో పెట్టి, టోపీ తగిలించుకుంది.

“నేను ఇగ్నేషియస్‌తో నడవడానికి వచ్చాను. ఆయన లేడు. ఆయన కూతురు ఎటు వెళ్తే నేనూ అటే. బస్సు ఎన్నింటికమ్మా?”

కూతురు అనే మాట ఆ వంటింట్లో రెండోసారి వినిపించింది. థియోడోరా గరిటె ఆగింది. అంతే, మళ్లీ తిరిగింది.

*

రేడియో స్టేషనులో చావు కబుర్లు రాసుకునే రొయెట్‌కు ఈ దీవిలో ఎవరు ఎవరికి ఏమవుతారో చర్చి ఫాదర్‌కంటే, పోలీసుకంటే ఎక్కువ తెలుసు. ఆన్సెల్మా తలుపు తోసుకుని లోపలికి రాగానే ఆమె కలం కింద పెట్టేసింది.

“నువ్వొస్తావని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను,” అంది.

“అయితే ఎందుకొచ్చానో కూడా తెలిసుంటుంది.”

“తెలుసు. కానీ ఒకింటివాళ్లు ఇచ్చిన జాబితాలో నేను వేలు పెట్టలేనే. వాళ్ల సంతకం కావాలి.”

“తప్పు రాసి ఇస్తే? తప్పే చదువుతారా?”

“వాళ్లు ఏది ఇస్తే అదే చదువుతాం.”

“అది ఎవరు రాశారో నాకు తెలియాలి. మదామ్ రాసిందా, కత్బర్ట్ రాశాడా? ఆ కాగితం చూపించు.”

రొయెట్ గబుక్కున కాగితాల కట్ట మీద చెయ్యి వేసింది.

“వద్దు, ఆన్సెల్మా.”

“చూపించు.”

“వద్దని చెబుతున్నాను. నా మాట విని ఇంటికెళ్లు.”

“పొద్దుటి నుంచీ అందరూ వెళ్లొద్దు, చూడొద్దు అనేవాళ్లే. ఒక్కరూ ఎందుకో చెప్పరు. చూపిస్తావా, నేనే తీసుకోనా?”

రొయెట్ టీచరు గారి వైపు చూసింది, ఈ మనిషిని మీరైనా ఆపండి అన్నట్టు. టీచరు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. రొయెట్ నిట్టూర్చి కట్ట మధ్యలోంచి ఒక కాగితం లాగి బల్ల మీద పెట్టింది.

చూడగానే తెలిసిపోయింది. చదవక్కర్లేకపోయింది. ప్రతి అక్షరం పెద్దది, విడివిడిగా, ఏడు అంకెకు నడుము మీద అడ్డగీత. కలాన్ని కాగితంలోకి దించేలా నొక్కి రాసే అలవాటు. లాఫిమే అతిథుల పేర్లు రాసుకునే పుస్తకం నిండా ఇదే రాత. వేలితో కాగితం వెనక తడిమింది ఆన్సెల్మా. అక్షరాలు బుడిపెలుగా తగిలాయి.

పైన తేదీ ఫిబ్రవరిది. జబ్బు తేలిన నెల. వయసు దగ్గరా, పోయిన రోజు దగ్గరా మాత్రం ఖాళీ వదిలి ఉంచాడు. ఆ రెండింటినీ థియోడోరా నీలి సిరాతో నింపింది. మిగతాదంతా ఆయనదే. భార్య, కొడుకు, కోడలు, మేనల్లుళ్లు, పాటల బృందం, గైడ్లు. నానా దేశాల అతిథులు అన్న మాట కింద రెండు గీతలు గీశాడు, మరిచిపోకుండా చదవాలని.

“తన చేతులతోనే రాశాడు,” అంది ఆన్సెల్మా. తనకు తనే చెప్పుకున్నట్టు.

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. వచ్చింది కోపం. థియోడోరా మీద పొద్దుటి నుంచి పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు తికమకపడి, తరువాత సరైన మనిషి మీదికే వెళ్లింది. చచ్చిపోయిన మనిషి మీద ఇంత కోపం రావచ్చా అని అనిపించింది. వస్తే ఏం చేస్తాం, వచ్చింది.

“ఇంటికి వెళ్దామా, అమ్మాయ్?” అంది టీచరు గారు మెల్లగా.

“ఇంకో కాగితం ఇవ్వు, రొయెట్.”

“ఏం చేస్తావు?”

“నేనూ చావు కబురు చెబుతాను. మా నాన్న పోయాడు. నాకు చెప్పుకునే హక్కు లేదా?”

“ఒక మనిషికి రెండు ప్రకటనలు ఇప్పటిదాకా ఎవరూ చదివించలేదే!”

“ఆయన రెండు రకాలుగా బతికాడు. రెండూ చదివించు.”

“ఒకసారి చదివాక వెనక్కి తీసుకోలేం. ఊరంతా వింటుంది. శనివారం అంత్యక్రియలు.”

“అందుకే ఇవాళ చదవాలి.”

రొయెట్ తెల్ల కాగితం ముందుకు జరిపింది. “పన్నెండుకి ఇంక పావుగంటే ఉంది. తగాదా మాటలు రాయకు, నేను కొట్టేస్తాను. ఎవరు పోయారు, ఎవరు శోకిస్తున్నారు, అంతే. కింద సంతకం ఏమని పెడతావు?”

“కూతురు అని.”

*

లోదా వెళ్లే బస్సు నిండిపోయింది గాని కదలలేదు. మధ్యాహ్నపు చావు కబుర్లు వినకుండా బస్సు తీయడం డ్రైవరు హిలేర్‌కు అలవాటు లేదు. దారిలో కొండ అడ్డొస్తే రేడియో పలకదు. కాబట్టి అందరూ చెమటలు కక్కుతూ కూర్చోవాల్సిందే.

మొదట ఇగ్నేషియస్ ఇంటివాళ్ల జాబితా చదివారు. ఒకరిద్దరు గుండెల మీద సిలువ వేసుకున్నారు. హిలేర్ తాళం తిప్పబోయాడు.

“లోదా గ్రామవాసి ఇగ్నేషియస్ ఫాబియెన్, అందరూ లాఫిమే అని పిలిచేవారు, మరణించారని ఆయన కూతురు ఆన్సెల్మా రోబెన్ తెలియజేస్తున్నారు.”

హిలేర్ చెయ్యి తాళం మీదే ఉండిపోయింది.

“శోకిస్తున్నవారు: కూతురు ఆన్సెల్మా. అన్న కత్బర్ట్. ఆయనతో పాటు సరస్సు దాకా నడిచిన బార్బడోస్ వాసి మిస్ యార్‌వుడ్. ఆయనకన్నా ముందే వెళ్లిపోయిన వాల్డా రోబెన్, ఆన్సెల్మా తల్లి, అక్కడ ఆయన కోసం చూస్తూ ఉంటుంది.”

ఆన్సెల్మా తల నిటారుగా పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. ఎవరైనా ఏదైనా అంటే తిరిగి అనడానికి నాలుక సిద్ధంగా ఉంది.

వెనక సీట్లో చేమదుంపల బుట్ట ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ గొంతు సవరించుకుంది.

“హమ్మయ్య,” అంది. “ఆ ముక్కు చూస్తే మాకు తెలియదా ఏమిటి! ముప్పై ఏళ్లుగా తెలియనట్టు నటించలేక చచ్చాం.”

ఎవరో పగలబడి నవ్వారు. ఇంకెవరో నవ్వకూడదని ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు. “పోనీ, బస్సు పోనీ!” అని హిలేర్‌ను తిట్టారు. టీచరు గారు ఆన్సెల్మా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆన్సెల్మా దాన్ని దాచుకోలేదు.

*

థియోడోరా మెట్ల మీద నిలబడి ఉంది. కత్బర్ట్ వాకిట్లోనే ఎదురొచ్చాడు.

“నన్ను అన్న అనడానికి నువ్వెవరే? రేడియోలో, ఊరందరూ వినేలా? నా కొట్టు ముందు మనుషులు నిలబడి నవ్వుతున్నారు.”

“నువ్వు నాకంటే రెండేళ్లు పెద్దవాడివి. తమ్ముడని ఎలా చదివించను?”

“అమ్మా, విన్నావా దీని పొగరు?”

“విన్నాను,” అంది థియోడోరా. “రెండు చెవులతో విన్నాను. నువ్వు పక్కకు జరుగు.”

ఆమె మెట్లు దిగి వచ్చింది. ఆన్సెల్మా ఎదురుగా నిలబడింది.

“కాగితం చూశావా?”

“చూశాను.”

“వెళ్లొద్దన్నాను.”

“ఆయన రాశాడని ఒక్క ముక్క చెబితే వెళ్లకపోదును.”

“ఏమని చెప్పను? శవం ఇంకా ఐసులో ఉండగా, నీ తండ్రి నిన్ను వదిలేశాడని నేను చెప్పాలా? నన్ను తిట్టుకుంటే తిట్టుకుంటావులే అనుకున్నాను.” థియోడోరా వంటింటి వైపు చెయ్యి చూపింది. “ఫిబ్రవరిలో ఆ బల్ల దగ్గర కూర్చుని రాశాడు. జాబితాలో పిల్ల పేరు పెట్టు అన్నాను. ఊళ్లో నీకు తలవంపులు అన్నాడు. నా తల వంగి ముప్పై నాలుగేళ్లయింది, కొత్తగా వంగేదేముంది, పెట్టు అన్నాను. వినలేదు. నా పరువు కోసమట! నా పేరు చెప్పి నిన్ను దాచాడు. నన్ను అడిగి దాచాడా?”

ఇన్నేళ్లలో థియోడోరా నోట ఇన్ని మాటలు ఒక్కసారిగా ఆన్సెల్మా వినలేదు. కత్బర్ట్ కూడా విన్నట్టు లేదు. నోరు తెరిచి నిలబడ్డాడు.

“నువ్వు చదివించినదంతా బాగుంది,” అంది థియోడోరా. “ఒక్క సంగతి అడుగుతాను. అందులో నా పేరేదీ?”

ఆన్సెల్మా తడబడింది. ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు.

“మిమ్మల్ని ఏమని రాయాలో తెలియలేదు. కలం పట్టుకుని ఆలోచించాను. ఇంతలో రొయెట్ టైమైపోయిందంది.”

“ఆయనా అంతే. కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.”

తప్పు చేశానని ఒప్పుకునే అలవాటు ఆన్సెల్మాకు తక్కువ. ఇప్పుడు ఒప్పుకోవాలనిపించింది.

“ఇంక చాలు,” అన్నాడు కత్బర్ట్. “రేడియోలో వాగింది, వదిలేస్తాను. కానీ శనివారం చర్చిలో ఇది మొదటి బల్ల మీద కుటుంబంతో కూర్చుంటే మాత్రం నేను నాన్న శవపెట్టె మొయ్యను. ఇప్పుడే చెబుతున్నాను. కొడుకు లేకుండానే మోసుకుపొండి.”

పక్కింటి కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది.

“పెట్టె ఎంతమంది మోస్తారు?” అంది థియోడోరా.

“ఆరుగురు. అందుకే చెబుతున్నాను, నేను లేకపోతే...”

“నువ్వు లేకపోతే అయిదుగురు. ఒక భుజం తక్కువ.” ఆమె ఆన్సెల్మాను కిందినుంచి పైదాకా చూసింది. “నీ ఎత్తెంత?”

“అమ్మా!” అని అరిచాడు కత్బర్ట్. “ఆడది పెట్టె మోయడం ఏ ఊళ్లోనైనా చూశామా? ఫాదర్ ఒప్పుకుంటాడా?”

“అది ఫాదర్‌ను అడుగుతాను. ముందు దీన్ని అడుగుతున్నాను. ఎత్తెంత?”

ఆన్సెల్మా కత్బర్ట్ పక్కకు వెళ్లి, భుజం భుజానికి ఆనించి నిలబడింది. అతను తప్పుకోబోయాడు గాని అప్పటికే అందరికీ కనబడిపోయింది.

“మీ అబ్బాయి కంటే రెండంగుళాలు ఎక్కువే, మదామ్.”

కత్బర్ట్ గేటు ధడాలున వేసి వీధిలోకి వెళ్లిపోయాడు. చర్చి వైపే వెళ్లాడు. థియోడోరా అతన్ని పిలవలేదు.

“మదామ్ ఏమిటి?” అంది. “సాయంత్రం ఆరింటికి మళ్లీ చదువుతారు. నన్ను ఏమని రాస్తావో ఆలోగా తేల్చుకో.”